అధ్యక్షుని సంతకము: దాని బలమును, దాని హద్దును

గత సంవత్సరము పౌరశాస్త్రము చెప్పుచుండగా తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు లేచి, "అయ్యా, అమెరికా అధ్యక్షుడు గొప్పవాడా, మన నిజాము గొప్పవాడా?" అని యడిగెను. తరగతి యెల్ల నవ్వెను. నేనును నవ్వి, "ఇద్దరును గొప్పవారే, కూర్చుండుము" అంటిని. ఇంటికి బోవు త్రోవలో ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆ బాలుని ముత్తాత దేవరకొండ ప్రాంతమున నిజాము కాలమందు వెట్టి చేసినవాడు. ఇంట విన్నవి నిజాము కథలు. వార్తాపత్రిక తెరచినచో అమెరికా అధ్యక్షుడు నేడు ఫలానా యాజ్ఞపై సంతకము చేసెనను వార్త. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి యడిగినవాడు తెలివిగలవాడే. ఆనాడు నేనిచ్చిన జవాబే తెలివి తక్కువది. దానిని దిద్దుకొనుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ప్రశ్నను కొంచెము మార్చి యడిగిన జవాబు సులభమగును. ఎవరు గొప్ప యని కాక, వారు సంతకము చేసిన కాగితమును కాదనగలవారెవరైన గలరా యని యడుగవలెను. కాదనగలవారున్నచో వారెవరు, ఏ యధికారముచేత కాదందురు, కాదన్నపిమ్మట వారి గతి యేమగును? ఈ మూడును తెలిసినచో ఒక పీఠముయొక్క కొలత తెలిసినట్లే.

మొదట మన సీమ సంగతి. మన పాలమూరునకు మహబూబునగరమను పేరు ఆరవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖాను పేరిట వచ్చినది. అమెరికా రాజధానికి వాషింగ్టను పేరు, ఆ జార్జి వాషింగ్టను మొదటి అధ్యక్షుడుగా పదవియందుండగనే, 1791లో పెట్టబడెను. ఊళ్లకు పేళ్లు పెట్టుటలో రాజునకును అధ్యక్షునకును భేదము కనబడదు. భేదము కనబడుటకు మరి యారేండ్లు పట్టెను. రెండు పర్యాయములు పదవి చేసిన వాషింగ్టను మూడవమారు నిలువక 1797లో తన పొలములకు తాను వెడలిపోయెను. నిజాములలో గద్దె దిగి సేద్యమునకు బోయినవారు లేరు. పోవలసిన యవసరమును వారికి లేకుండెను.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను 1911లో గద్దె నెక్కెను. 1919లో ఆయన "బాబె హుకూమత్" అను కార్యనిర్వాహక సభ నేర్పరచెను. దాని పెద్దకు సదరె ఆజమ్ అని పేరు. తెలుగున జెప్పినచో అధ్యక్షుడే! కాని పేరును జూచి మోసపోరాదు. ఆ యధ్యక్షుని నియమించువాడును నిజామే, తొలగించువాడును నిజామే. శాసనసభయు పేరున కొకటి యుండెను. అన్నిటికిని మీద ఫర్మానా యుండెను.

ఫర్మానా యనగా నేమో పెద్దలకు దెలియును. పిల్లలకు దెలియుటకు ఒక వ్యాజ్యెము చెప్పెదను. ఒక హైదరాబాదు నవాబు ఆస్తికి వారసులెవరను తగవు భారత సుప్రీంకోర్టుదాక పోయి 1955లో తేలెను. నిజామిచ్చిన ఫర్మానాలకు ఎంతటి విలువ యున్నదో ఆ సందర్భమున న్యాయమూర్తులు విచారింపవలసివచ్చెను. శాసనములు చేయుటయందును, న్యాయము తీర్చుటయందును, రాజ్యము నడుపుటయందును నిజామే పరమాధికారి యనియు, ఆ మూడింటను ఆయనకు రాజ్యాంగపు టదుపు ఏదియు లేకుండెననియు, ఫర్మానా యనునది చట్టమువలెనే యందరిని కట్టివేయుననియు వారు తేల్చిరి. ఆ వ్యాజ్యెమునందే ఒక ఫర్మానా ఇచ్చినదానిని మరియొక ఫర్మానా తీసివేసిన ఘట్టమును గలదు. సంతకము చేసిన చేతిని కాదనగలది మరల ఆ చేయియే.

అట్లయిన నిజామునకు హద్దే లేదా? ఉండెను గాని యది వెలుపలి హద్దు. కోఠీలో బ్రిటిషు రెసిడెంటు కూర్చుండెడివాడు. బేరారు మండలమును తనకు మరల నీయవలెనని కోరుచు నిజాము బ్రిటిషువారితో సమానునివలె వాదింపగా, వైస్రాయి రీడింగు ప్రభువు 1926 మార్చిలో ఒక లేఖ వ్రాసెను. బ్రిటిషు సార్వభౌమత్వము అందరి సంస్థానాధీశులపై నున్నదనియు, వారిలో నెవ్వరును ప్రభుత్వముతో సరిసమానులుగా మాటలాడ జాలరనియు దాని సారాంశము. ఒక్క జాబుతో నిజాము నోరు మూతపడెను. అయినను ఆ హద్దువలన నల్లగొండ రైతునకు ఒరిగినదేమి? దొరగడీ ముందు వెట్టి చేయువాడు రెసిడెంటు కంటికి గనబడలేదు. బ్రిటిషువారు గీసిన గీత తమకొఱకు గీసికొన్నది. ప్రజలకొఱకు గీసినది కాదు. 1946 మొదలు 1951 వరకు ఈ నేల రక్తముతో తడియుటకు గల కారణములలో భూమి, వెట్టి, అన్నవస్త్రములతోబాటు ఇదియు నొకటి. మొఱ పెట్టుకొన దలచినవాడు ఎవరిమీద మొఱయో వారికే పెట్టుకొనవలసియుండెను.

ఇక సముద్రము దాటుదము. 1787లో ఫిలడెల్ఫియా నగరమున అమెరికా రాజ్యాంగమును వ్రాసినవారు మూడవ జార్జి రాజుతో యుద్ధము చేసి వచ్చినవారు. రాజు వలదు. కాని రాజు లేకుండ సేనను నడుపువాడు, చట్టము నమలు జరుపువాడు ఒకడు కావలెను గదా! ఆ చిక్కునుండి పుట్టినదే అధ్యక్షపదవి. వారు రాజుయొక్క పనులను ఒక్కొక్కటిగా విడదీసి, కొన్నిటిని అధ్యక్షునకిచ్చి, కొన్నిటిని కాంగ్రెసునకిచ్చి, ముఖ్యమైనవానిని ఇద్దరికిని కలిపి యిచ్చిరి. కాంగ్రెసనగా మన దేశములోని రాజకీయపక్షము కాదు. ప్రతినిధిసభ, సెనేటు అను రెండు సభలు గల అమెరికా శాసనసభ.

ఎన్నిక సంగతి క్లుప్తముగా చెప్పి విడిచెదను, అది వేరొక వ్యాసమునకు దగిన విషయము. జన్మచేత ఆ దేశపౌరుడై ముప్పదియైదేండ్లు నిండినవాడు నిలువవచ్చును. పదవీకాలము నాలుగేండ్లు. రాష్ట్రములవారీగా ఎన్నికగు నియోజకులు 538 మందిలో 270 మంది యోట్లు రావలెను. ఫ్రాంక్లిన్ రూజువెల్టు నాలుగుమారులు నెగ్గినపిమ్మట, ఎవ్వడును రెండుమారులకంటె నెక్కువ ఎన్నిక గాగూడదని 1951లో రాజ్యాంగమును సవరించిరి. వాషింగ్టను మర్యాదకొఱకు చేసినదానిని నూటయేబది యేండ్ల తరువాత చట్టముగా వ్రాయవలసివచ్చె నన్నమాట.

అధికారములలో మొదటిది సేనాధిపత్యము. సైన్యము, నౌకాదళము, వైమానికదళము అన్నియు ఆయన యాజ్ఞకు లోబడినవి. అయితే ఆ సేనకు జీతము, మందుగుండు, భోజనము ఇచ్చు ద్రవ్యము కాంగ్రెసు మంజూరు చేయవలెను. యుద్ధము ప్రకటించు హక్కును కాంగ్రెసుదే. మన యిండ్లలో పెత్తనము తండ్రిదై బీరువా తాళపుచెవులు తల్లి కొంగున నున్నట్లు! రాయబారులను, సుప్రీంకోర్టు న్యాయమూర్తులను, శాఖల పెద్దలను అధ్యక్షుడు ఎన్నుకొనును. సెనేటు ఒప్పుకొన్నగాని వారు పీఠములెక్కరు. పరదేశములతో సంధి చేసికొనును. హాజరైన సెనేటర్లలో మూడింట రెండు పాళ్లు ఒప్పుకొనవలెను.

ఈ చివరిదాని బలము చూడుడు. మొదటి ప్రపంచయుద్ధానంతరము అధ్యక్షుడగు ఉడ్రో విల్సను తానే పారిసునకు బోయి, నెలలతరబడి కూర్చుండి, వెర్సెయిల్సు సంధిని, దానితోబాటు నానాజాతిసమితిని నిర్మించుటలో ముఖ్యుడయ్యెను. ఇంటికి దెచ్చిన సంధిని సెనేటు 1919 నవంబరులో నొకమారు, 1920 మార్చిలో నొకమారు త్రోసివేసెను. రెండవమారు అనుకూలముగా 49, ప్రతికూలముగా 35 ఓట్లు వచ్చెను. సగముకంటె నెక్కువ వచ్చినను చాలలేదు, 56 కావలెను. తాను పురుడు పోసిన సమితిలో తన దేశమే చేరలేదు. లోకమంతయు ఎవరి మాటకొఱకు చెవి యొగ్గియుండెనో ఆయనకు తన యూరిలో ఏడు ఓట్లు తక్కువపడెను.

చట్టము చేయుటలో అధ్యక్షునకు వీటో యను నిషేధాధికారము గలదు. రెండు సభలును అంగీకరించిన బిల్లు ఆయన యొద్దకు వచ్చును. నచ్చినచో సంతకము చేయును, నచ్చనిచో కారణములు వ్రాసి త్రిప్పి పంపును. అప్పుడు రెండు సభలును విడివిడిగా మూడింట రెండు పాళ్ల యోట్లతో మరల నంగీకరించినచో, ఆయన సంతకము లేకయే యది చట్టమగును. ఆదివారములు గాక పదిదినములలో సంతకము చేయక, త్రిప్పియు పంపక యూరకున్నను చట్టమే యగును, ఆ లోపల కాంగ్రెసు సమావేశము ముగిసినయెడల మాత్రము కాదు. అనగా అధ్యక్షుని "వద్దు" అన్నమాటకు విలువ మిక్కిలి గలదు గాని యది కడపటి మాట కాదు.

ఇంతవరకు చెప్పినది పుస్తకములోని పాఠము. పుస్తకములో గీసిన గీతను అధ్యక్షుడు నిజముగా దాటినచో నేమగును? దీనికి 1952వ సంవత్సరము మంచి సాక్షి. ఆ సంవత్సరము మన సీమకును ముఖ్యమైనదే కావున, రెండు కథలను జత చేసి చెప్పెదను.

1952లో కొరియా దేశమున యుద్ధము జరుగుచుండెను. అమెరికాలో ఉక్కు కార్ఖానాల కార్మికులకును యజమానులకును జీతములవిషయమై తగవు వచ్చి, సమ్మెకు ముహూర్తము పెట్టిరి. ఉక్కు లేనిచో ఫిరంగి లేదు, ఫిరంగి లేనిచో యుద్ధభూమిలోని సైనికుడు చచ్చును. అధ్యక్షుడగు హ్యారీ ట్రూమను ఏప్రిలు 8వ తేదీన సంతకము చేసి, దేశములోని ఉక్కు కార్ఖానాలలో ముఖ్యమైనవాని నన్నిటిని స్వాధీనము చేసికొమ్మని తన వాణిజ్యశాఖాధిపతిని ఆజ్ఞాపించెను. ఆయన యుద్దేశము చెడ్డదని యనజాలము. సమ్మెను ఎనుబది దినములు ఆపుటకు 1947 నాటి చట్టములో వేరొక మార్గముండెను. ఆ చట్టము ట్రూమను వీటోను త్రోసిపుచ్చి కాంగ్రెసు చేసినది. ఆయనకది యిష్టము లేదు. కావున ఆ దారిని విడిచి తన దారిని తాను వేసికొనెను.

కంపెనీలు కోర్టున కెక్కినవి. రెండు నెలలు నిండకముందే, జూను 2వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. తొమ్మిది మందిలో ఆరుగురు ట్రూమను ఆజ్ఞ చెల్లదనిరి. చట్టము చేయుట కాంగ్రెసు పని, చట్టము లేకుండ ఒకరి యాస్తిని లాగికొనుటకు అధ్యక్షునకు రాజ్యాంగమున నెచ్చటను అధికారము లేదని తీర్పు వ్రాసినవాడు హ్యూగో బ్లాకు. ఆ తొమ్మిది మందిలో ట్రూమను తానై నియమించినవారు నలుగురుండిరి. వారిలో ఇద్దరు ఆయనకు ప్రతికూలముగనే చెప్పిరి. ఇది నాకు కథలోకెల్ల రుచికరమైన భాగము.

ఆ తీర్పుతో ఏకీభవించుచు జస్టిస్ జాక్సను వేరుగా వ్రాసిన యభిప్రాయము నేటికిని ఆ దేశమున ప్రమాణముగా నున్నది. దానిని మన డిండివాగును జూపి చెప్పెదను. కాంగ్రెసు అనుమతితో అధ్యక్షుడు పని చేయునప్పుడు ఆయన యధికారము శ్రావణమాసపు వాగు, గట్లు ఒరసి పారును. కాంగ్రెసు ఏమియు చెప్పక యూరకున్నచోట చేయునప్పుడు కార్తికమాసపు వాగు, కొంతదూరము పారును, ఎంతదూరమో ముందు చెప్పలేము. కాంగ్రెసు ఇచ్ఛకు విరుద్ధముగా చేయునప్పుడు వైశాఖమాసపు వాగు. ఇసుకలో చెలమ త్రవ్వి, రాజ్యాంగము తనకు స్వయముగా నిచ్చిన నీరెంత యున్నదో చూచుకొనవలెను. ట్రూమను మూడవ స్థితిలో నుండెను. చెలమలో నీరు లేదు.

ఆయన యేమి చేసెను? ఆనాడే కార్ఖానాలను యజమానులకు తిరిగి యప్పగింపుమనెను. సమ్మె జరిగెను, ఏబదిమూడు దినములు సాగెను. సేన తీర్పుచెప్పినవారి యిండ్లపైకి పోలేదు. కొంతకాలమునకు జస్టిస్ బ్లాకు తన యింట విందు చేసి ట్రూమనును పిలువగా ఆయన వెళ్లెను. మనవైపు వ్యాజ్యెములో నోడినవాడు గెలిచినవాని గుమ్మము తొక్కుట యరుదు, తీర్పు చెప్పినవాని గుమ్మము మరియు నరుదు.

అదే సంవత్సరము హైదరాబాదు. 1948 సెప్టెంబరులో నిజాము స్వతంత్రపాలన ముగిసెను. 1949 నవంబరు 23వ తేదీన ఆయన ఒక ఫర్మానా వెడలించి, రాబోవు భారతరాజ్యాంగమే తన రాజ్యమునకును రాజ్యాంగమగునని యంగీకరించెను. ఫర్మానాలలో విచిత్రమైన ఫర్మానా యిది. ఇకమీదట నా ఫర్మానా చెల్లదని చెప్పిన ఫర్మానా! 1950 జనవరి 26 మొదలు ఆయన "రాజప్రముఖుడు" అయ్యెను. సంవత్సరమునకు ఏబది లక్షల రూపాయల రాజభరణము నిర్ణయమయ్యెను.

1952 ఎన్నికలలో వయోజనులందరికిని మొదటిమారు ఓటు కలిగెను. నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు జవాహర్లాల్ నెహ్రూగారికంటె నెక్కువ ఓట్లతో లోకసభకు నెగ్గిరి. మార్చి 6వ తేదీన మన పాలమూరు జిల్లావారగు బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యయిరి. అంతకు మూడున్నరయేండ్ల క్రిందటివరకు ఎవని సంతకమే చట్టమో, ఆయన యిప్పుడు బూర్గులవారి మంత్రివర్గము చెప్పినచోట సంతకము చేయవలెను. శాసనసభ మొదట చదువవలసిన ప్రసంగమును మంత్రులు వ్రాసినదే. మనిషి యొకడే, బిరుదులు తగ్గలేదు. కాని కాగితముపైని మాట వేరొకరిది. ఆ మంత్రివర్గముపైన మరల భారతరాష్ట్రపతికి, అనగా కేంద్రప్రభుత్వమునకు, మొదటి పదియేండ్లు పర్యవేక్షణాధికారమును రాజ్యాంగము ఇచ్చియుండెను. 1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ మేర్పడుటతో రాజప్రముఖపదవియే లేకుండపోయెను.

ఇచ్చట పిల్లలు పొరబడు స్థలమొకటి గలదు, పరీక్షాపత్రములలో ఏటేట జూచుచున్నాను. అమెరికా అధ్యక్షునకును భారతరాష్ట్రపతికిని ఇంగ్లీషున పేరొక్కటే యగుటచే అధికారములును ఒక్కటే యని వ్రాయుదురు. హైదరాబాదు రాజప్రముఖుని తలచుకొన్నచో ఈ పొరబాటు రాదు. మన రాష్ట్రపతి సంతకము చేయును, మంత్రివర్గము నిర్ణయించును. అమెరికాలో నిర్ణయమును సంతకమును ఒకరివే. అచ్చటి శాఖాధిపతులు అధ్యక్షుని సేవకులు, ఆయన వారి సలహా వినవచ్చును, వినకపోవచ్చును. మన రాష్ట్రపతి మంత్రివర్గపు సలహా ననుసరించియే నడువవలెనని 1976 నాటి నలుబదిరెండవ సవరణ స్పష్టముగా వ్రాసినది. ఒక్కమారు పునరాలోచింపుడని త్రిప్పి పంపవచ్చునని 1978 నాటి నలుబదినాలుగవ సవరణ చేర్చినది. కావున అమెరికా అధ్యక్షుని తప్పు అమెరికా అధ్యక్షునిదే. మన రాష్ట్రపతి సంతకములోని తప్పునకు మంత్రులు బాధ్యులు.

అమెరికా హద్దులన్నియు ఇనుపగోడలని నేననను. కొన్నిచోట్ల కంచె పడిపోయినది. యుద్ధము ప్రకటించుట కాంగ్రెసు పనియంటిని గదా, కాంగ్రెసు కడపట విధిగా ప్రకటించినది 1942లో. ఆ తరువాత కొరియాలోను వియత్నాములోను వేలకొలది అమెరికనులు ప్రకటన లేని యుద్ధములలో చనిపోయిరి. అరువది దినములకుమించి సేనను యుద్ధమున నుంచుటకు తమ యనుమతి కావలెనని 1973లో కాంగ్రెసు అధ్యక్షుడగు నిక్సను వీటోను త్రోసి తీర్మానించెను. తరువాతి యధ్యక్షులు దానికి సందులు వెదకుకొనిరి. క్షమాభిక్షాధికారము మరియొకటి. కేంద్రచట్టముల క్రింది నేరమును, అభిశంసన తప్ప, అధ్యక్షుడు ఎవరినడుగక క్షమింపవచ్చును. పదవి విడిచిన నిక్సనును 1974 సెప్టెంబరులో తరువాతి యధ్యక్షుడగు ఫోర్డు క్షమించెను, విచారణ జరుగకముందే. ఇక 2024 జూలై 1వ తేదీన సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురుగా చీలి, అధ్యక్షుడు తన ముఖ్యరాజ్యాంగాధికారములతో చేసిన పనులకు పదవి దిగినపిమ్మటను నేరవిచారణ లేదని చెప్పెను. 1952లో గీసిన గీతకును దీనికిని ఎట్లు పొందికయో న్యాయవాదులు చెప్పవలెను. నాకు మాత్రము ట్రూమను కాలపు తీర్పే యెక్కువ నచ్చినది.

అధ్యక్షుని తొలగించుటకు అభిశంసన యను మార్గము గలదు. ప్రతినిధిసభ నేరము మోపును, సెనేటు విచారించును, శిక్షకు మూడింట రెండు పాళ్లు కావలెను. 1868లో ఆండ్రూ జాన్సనుపై విచారణ జరిగినప్పుడు సెనేటర్లు 54 మంది. దోషి యన్నవారు 35, కాదన్నవారు 19. కావలసినది 36. ఒక్క యోటుతో నాయన నిలిచెను. ఇప్పటివరకు సెనేటు విచారణలో దోషియని తొలగింపబడిన యధ్యక్షుడు లేడు.

ఈ ఒక్క యోటు లెక్క చెప్పగనే, లెక్కలు నేర్చిన విద్యార్థులకు మన దేశపు లెక్క యొకటి చెప్పవలెననిపించుచున్నది. ఇది యొక తెలుగు రాష్ట్రపతికిని, నిజాము వంశమునకును సంబంధించినది.

వరాహగిరి వెంకటగిరిగారు బరంపురములో పుట్టినవారు. 1969 ఎన్నికలో మరియొక తెలుగువారగు నీలం సంజీవరెడ్డిగారిపై నెగ్గి రాష్ట్రపతి యయిరి. మరుసటి యేడు కేంద్రప్రభుత్వము సంస్థానాధీశుల రాజభరణములను రద్దుచేయుటకు రాజ్యాంగసవరణ బిల్లు తెచ్చెను. లోకసభలో నెగ్గినది. 1970 సెప్టెంబరు 5వ తేదీన రాజ్యసభలో అనుకూలముగా 149, ప్రతికూలముగా 75 ఓట్లు వచ్చినవి. మొత్తము 224. మూడింట రెండు పాళ్లు కట్టి చూడుడు: నూటనలుబదితొమ్మిదియు, ఒకటిలో మూడవ వంతును. ఓటులో మూడవ వంతు తక్కువై బిల్లు పడిపోయినది!

ఆ రాత్రియే మంత్రివర్గము కూడెను. రాజ్యాంగములోని 366వ యధికరణమున రాజులను గుర్తించు మాట యున్నది, గుర్తించువాడు రాష్ట్రపతి. గుర్తింపును తీసివేసినచో రాజు లేడు, రాజు లేనిచో భరణము లేదు. ఈ యుపాయముతో కాగితము సిద్ధమయ్యెను. అప్పుడు గిరిగారు హైదరాబాదులో నుండిరి, అనగా నిజాములు ఏలిన నగరముననే. మంత్రివర్గపు సలహాపై ఆయన సంతకము చేసిరి. దేశములోని సంస్థానాధీశులందరును ఒక్క కలముపోటుతో సామాన్యులైరి. ఉస్మాన్ అలీఖాను 1967లోనే చనిపోగా ఆయన పీఠమునకు వచ్చిన మనుమడు ముకర్రంజాహును వారిలో నొకడు. ఒకనాడు ఫర్మానాతో ఇతరుల హక్కులు తీసినవారి వంశమునకు ఫర్మానావంటి కాగితమే యెదురయ్యెను.

వారు సుప్రీంకోర్టున కెక్కిరి. పదునొకండుగురు న్యాయమూర్తులు విచారించిరి. 1970 డిసెంబరు 15వ తేదీన తొమ్మండుగురు ఆ యుత్తరువు చెల్లదనిరి. రాజ్యాంగము హామీ యిచ్చినదానిని పార్లమెంటు సవరణ లేకుండ కార్యనిర్వాహకుని యాజ్ఞతో, అందరినొక్కసారిగా, తుడిచివేయరాదని వారి మాట. తమ ప్రజలకు రాజును కోర్టున కీడ్చు దారిని ఎన్నడు నీయని వారిలో పలువురు, ఆ దారిలోనే నడిచి వచ్చి గెలిచిరి. దీనిని జూచి కొందరికి కోపము రావచ్చును. నాకును మొదట వచ్చెను. వెట్టి చేసినవారి మనుమలు కట్టిన పన్నులనుండి నిజాము మనుమనికి భరణమేల యని యెవరికి తోపదు? అయినను ఆ బాలుని ప్రశ్నకు జవాబు ఇచ్చటనే యున్నదని నా యెంచిక. ఉక్కుకంపెనీయైనను, పాతరాజైనను, మనకు నచ్చనివాడు కోర్టుకు బోయి పెద్ద సంతకమును కొట్టివేయించుకొనగలిగినప్పుడే దేవరకొండ రైతుకును ఆ తలుపు తెరచియున్నదని తెలియును.

రాజభరణములు మిగులలేదు. మరునెలలలో ఎన్నికలు జరిగెను, ప్రభుత్వము గొప్ప సంఖ్యాబలముతో తిరిగి వచ్చెను, రెండు సభలలోను కావలసిన యోట్లు లభించెను. 1971 డిసెంబరులో ఇరువదియారవ సవరణ చట్టమై భరణములను, రాజగుర్తింపును రద్దుచేసెను. ఆ కాగితముపైనను సంతకము గిరిగారిదే. మొదటిది మూడు నెలలకు కొట్టుపడెను, రెండవది నేటికిని నిలిచియున్నది.